మూడో ఏడాది ఎవరు బాగుచేస్తారు?



ఈ కాలేజీలో పాఠాలు చెప్పిన సారును తలచుకోవడానికి ఆయన కుటుంబం, ఆయన దగ్గర చదువుకుని ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పాత విద్యార్థులు, వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటున్న ఇప్పటి విద్యార్థులు, అందరం ఇక్కడ కలిశాం. ఎదురుగా పొగిడితే సారు ముఖం చిట్లించుకుని లేచి వెళ్ళిపోయేవారు. ఆయన లేరు కదా అని ఇప్పుడు ఆ పని చేయడం న్యాయం కాదు. అందుకని ఆయన్ని గురించి తక్కువగా, ఆయన పట్టుబట్టిన విషయం గురించి ఎక్కువగా మాట్లాడతాను.

సారు వైవా అంటే ఈ కాలేజీలో అందరికీ హడల్. ఫైనలియర్ జట్టు తమ ప్రాజెక్టును బల్ల మీద పెట్టి, బల్బు వెలిగించి, మోటరు తిప్పి, చార్టులు చూపిస్తుంటే చివరిదాకా ఓపిగ్గా చూసేవారు. సూత్రాలు అడిగేవారు కాదు. "బాగుంది. ఇది మూడో ఏడాది చెడిపోతుంది. అప్పుడెవరు బాగుచేస్తారు? ఎక్కడ? ఎంతకి?" అనేవారు. జట్టు మొత్తం ఒకరి మొహం ఒకరు చూసుకునేది. ఆ ప్రశ్నకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఇప్పుడు ముందు వరసలోనే పెద్దమనుషులై కూర్చున్నారు. పేర్లు చెప్పను.

నీళ్ళు, కరెంటు, వంటచెరకు, నేల, చెత్త. వీటి కష్టాలకు విద్యార్థి జట్లు యంత్రాలో యాప్‌లో తయారుచేయడం ఇప్పుడు ప్రపంచమంతటా పెద్ద ఉద్యమం. పోటీలున్నాయి, బహుమతులున్నాయి, క్రెడిట్లున్నాయి. వీటిలో ఏది నిలబడింది, ఏది పడిపోయింది, ఎందుకు అని సారు ప్రశ్న చేతిలో పెట్టుకుని చూడాలని నా ఉద్దేశం.

ముందుగా పందేల సంగతి త్వరగా ముగిస్తాను. 1987లో ఆస్ట్రేలియాలో వరల్డ్ సోలార్ చాలెంజ్ మొదలైంది. డార్విన్ నుంచి అడిలైడ్ దాకా సుమారు 3,000 కిలోమీటర్లు ఎండే ఇంధనంగా కారు నడపాలి. మొదటిసారి గెలిచింది జనరల్ మోటార్స్ వారి సన్‌రేసర్. 2001లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విద్యార్థుల కారు నూనా గెలిచింది. అప్పటినుంచి ముందుగా గీత దాటుతున్నవన్నీ విశ్వవిద్యాలయాల జట్లే. అదే దేశంలోని ఐండ్‌హోవెన్ విద్యార్థులు నలుగురు కూర్చోగల సోలార్ కారు చేసి 2013లో తమ తరగతిలో నెగ్గారు. ఆ జట్టులోని వారే తర్వాత లైట్‌ఇయర్ అనే కంపెనీ పెట్టారు. వారి మొదటి కారు ఖరీదు రెండున్నర లక్షల యూరోలు. 2023 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. నేనిది ఎగతాళిగా చెప్పడం లేదు. ఆ పందెం గొప్ప ఇంజనీర్లను తయారుచేసింది. బరువు తగ్గించడం, గాలిని చీల్చుకుని పోవడం, చివరి వాట్‌ను కూడా పిండుకోవడం నేర్పింది. కానీ పందెం పందెమే. దానిలో ఎదురుగా ఉన్నది గడియారం. ఊరి సమస్యకు ఎదురుగా గడియారం ఉండదు, ఊరివాళ్ళు ఉంటారు. మన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ కూడా అంతే. 2017లో మొదలైంది, ముప్పై ఆరు గంటలు నిద్రమాని కోడ్ రాస్తారు. కోడ్‌కి ఆ గంటలు చాలవచ్చు. బోరుబావికి చాలవు.

ఇక నాకు ఇష్టమైన కథ. ఇందులో నాయకురాలు ఒక విద్యార్థిని, విషయం పిండి మర.

ఏమీ స్మిత్ అనే అమెరికన్ అమ్మాయి ఎంఐటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, స్వచ్ఛంద సేవకురాలిగా ఆఫ్రికాలోని బోట్స్వానాకు వెళ్ళింది. తిరిగొచ్చి మళ్ళీ ఎంఐటీలోనే పైచదువులో చేరింది. ఆఫ్రికా గ్రామాల్లో జొన్నలు, సజ్జలు రోకళ్ళతో దంచే ఆడవాళ్ళకు రోజులో గంటల తరబడి ఆ పనే. మరలు లేక కాదు. సుత్తులు గిర్రున తిరిగి గింజను కొట్టి పిండిచేసే మరలు అక్కడికీ వెళ్ళాయి. కానీ ఆ మరలో ఒక జల్లెడ ఉంటుంది. ఉక్కు రేకుకు సన్నని బెజ్జాలు. పిండి ఆ బెజ్జాల్లోంచి బయటికొస్తుంది, నూక లోపలే ఉండి మళ్ళీ దెబ్బలు తింటుంది. గింజలో ఒక చిన్న రాయి వచ్చిందా, జల్లెడ చిరిగిపోతుంది. ఊరి కమ్మరి సుత్తి చేయగలడు, ఇరుసు చేయగలడు, ఆ సన్న బెజ్జాల రేకు చేయలేడు. విదేశాల నుంచి తెప్పించాలి. నెలలు పడుతుంది. అప్పటిదాకా మర మూలన, రోకలి చేతిలో.

ఇలాంటి సమస్య మన జట్టుకు ఇస్తే ఏం చేస్తుంది? ఇంకా గట్టి జల్లెడ తయారుచేస్తుంది. లేదా జల్లెడ ఎప్పుడు చిరుగుతుందో ముందే చెప్పే సెన్సరు పెడుతుంది. ఏమీ స్మిత్ జల్లెడనే తీసేసింది. తిరిగే సుత్తులే గాలిని పుట్టిస్తాయి కదా, ఆ గాలే తేలికైన పిండిని బయటికి ఎత్తుకుపోయేట్టు, బరువైన నూక లోపలే ఉండిపోయేట్టు మరను మలిచింది. చేటలో చెరిగేటప్పుడు పొట్టు ఎగిరి గింజ నిలిచినట్టన్నమాట. ఇప్పుడా మరలో కమ్మరికి చేతకాని భాగమంటూ లేదు. మూడో ఏడాది చెడిపోతే బాగుచేసేవాడు రెండు వీధుల అవతలే ఉన్నాడు. దేశం కాని దేశంలో, మన సారు పేరైనా వినని ఒక అమ్మాయి ఆయన వైవాలో పాసైంది. 2000లో ఆమెకు లెమెల్సన్–ఎంఐటీ విద్యార్థి బహుమతి వచ్చింది. అది అందుకున్న మొదటి మహిళ ఆమే.

తర్వాత ఆమె ఎంఐటీలోనే బోధనలో చేరి, 2002లో ఒక కోర్సు మొదలుపెట్టింది. అదే ఇప్పటి డీ-ల్యాబ్. మొదట్లో విద్యార్థులను హైతీ దేశానికి తీసుకుపోయేది. అడవి చాలావరకు పోయిన దేశమది, అయినా వంట కట్టెబొగ్గు మీదే. విద్యార్థులు చెరుకు పిప్పిని చూశారు. ఎండిన పిప్పిని పాత నూనె డ్రమ్ములో అంటించి, బాగా మండాక గాలి చొరకుండా మూసేస్తే లోపలిది బూడిద కాకుండా బొగ్గవుతుంది. దాన్ని పొడిచేసి, కర్రపెండలం గంజితో ముద్దచేసి, చేతి అచ్చుతో బిళ్ళలు నొక్కారు. డ్రమ్ము, గంజి, ఒక ఇనుప అచ్చు, అంతే. ఆ జట్లు ఇతర దేశాలకు పోయినప్పుడు ముడిసరుకు మారింది. మన దేశంలో గడ్డి, అతుకుకు పేడ. ఘానాలో మొక్కజొన్న బెండ్లు. బెండు బొగ్గయ్యాక కూడా విరగకుండా అదే ఆకారంలో నిలిచింది, గంజీ అచ్చూ రెండూ అక్కర్లేకపోయాయి. యంత్రం కంటే పద్ధతి ముఖ్యమైనప్పుడు పరిష్కారం దేశాలు దాటి నడుస్తుంది. మనం పత్తి ఏరాక కట్టెను చేలోనే తగలబెడుతున్నాం. ఈ హాల్లో కూర్చున్న జట్లలో ఒక్కటైనా ఈ యాసంగిలో ఒక డ్రమ్ముతో ఆ చేలకు పోవచ్చు.

దీనికి ఎదురుగా ఇంకొక కథ పెట్టాలి. 2008లో హార్వర్డ్‌లో నలుగురు విద్యార్థినులు ఒక తరగతి పని కోసం సాకెట్ అనే ఫుట్‌బాల్ తయారుచేశారు. అరగంట ఆడితే లోపలి యంత్రం కరెంటును దాచుకుంటుంది, దానికి దీపం తగిలిస్తే మూడు గంటలు వెలుగుతుంది. ఎంత అందమైన ఆలోచన! పిల్లలు పగలు ఆడుకుని రాత్రి అదే బంతి వెలుగులో చదువుకోవడం. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. 2013లో ప్రజల నుంచి విరాళాలు సేకరించి బంతులు పంచారు. మరుసటి ఏడాది విలేఖరులు మెక్సికోలో ఆ బంతులు ఇచ్చిన ఊళ్ళకు పోయి చూస్తే చాలా బంతులు నెలల్లోనే పాడైపోయి ఉన్నాయి. బాగుచేసేవాడు ఊళ్ళో లేడు, ఉండే వీలూ లేదు. తన్నులు తినడానికే పుట్టిన వస్తువులో నాజూకు యంత్రాన్ని పెట్టడం మొదటి తప్పు. చీకటి ఒక సమస్య, ఆట ఒక సంతోషం. వీటిని కలిపితే దాతలకు ముచ్చట వేస్తుంది, వాడేవాడికి రెండూ పోతాయి. ఇదే నా తీర్పు.

దాదాపు అదే కాలంలో స్టాన్‌ఫర్డ్‌లో ఒక తరగతి జట్టు కిరసనాయిలు బుడ్డి స్థానంలో సోలార్ దీపం చేసింది. చదువయ్యాక ఆ జట్టు 2007లో డీ.లైట్ అనే కంపెనీ అయింది. దీపాలను ఉచితంగా పంచలేదు, అమ్మింది. కొన్నవాడు దీపం చెడితే అంగడికొచ్చి గొడవచేస్తాడు. ఆ గొడవే తర్వాతి దీపాన్ని గట్టిపరుస్తుంది. ఉచితంగా పుచ్చుకున్నవాడు మర్యాదకు నవ్వి, వస్తువును అటక మీద పెడతాడు. అది పాడైన సంగతి జట్టుకు ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

మన రెండు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏ ప్రదర్శనకు పోయినా ఒక బల్ల మీద "స్మార్ట్ ఇరిగేషన్" ఉంటుంది. ఒక పూలకుండీ, అందులో గుచ్చిన రెండు కాళ్ళ సెన్సరు, ఒక ఆర్డుయినో బోర్డు, చిన్న మోటరు. మట్టి ఎండితే మోటరు తిరుగుతుంది, తడిస్తే ఆగుతుంది. (కొన్ని జట్లు హైదరాబాద్ అమీర్‌పేటలో తయారైనవే కొనుక్కొస్తాయని విన్నాను. సారు వాటిని తాకి చూసే చెప్పేసేవారు, టంకం వేడి ఇంకా తగ్గలేదని.) ఆ సెన్సరు కాళ్ళ మధ్య ఎప్పుడూ ఒకే దిక్కున కరెంటు పారుతుంటే తడిమట్టిలో ఒక కాలు కరిగిపోతూ ఉంటుంది. వారాల్లోనే తుప్పుపట్టి తప్పు లెక్కలు చెబుతుంది. చదివే క్షణంలో మాత్రమే కరెంటు ఇస్తే ఆయుష్షు పెరుగుతుంది, లోహం మట్టికి తగలని కెపాసిటివ్ రకం వాడితే ఇంకా మేలు. అది చిన్న విషయం. పెద్ద విషయం నల్లరేగడి. ఎండితే రేగడి నెర్రెలు ఇస్తుంది. సెన్సరు ఆ నెర్రెలో గాలిలో వేలాడుతూ, పక్కన మట్టి తడిగా ఉన్నా ఎండిపోయిందని కేకలు పెడుతుంది. చల్క నేలకు సరిపడ్డ లెక్క రేగడికి సరిపోదు. పూలకుండీలో నెర్రెలు రావు కాబట్టి ప్రదర్శన రోజున ఈ సంగతి బయటపడదు.

అసలు రైతుకు ఆ సెన్సరు ఎందుకు? మట్టి తడిసిందో లేదో మడమతో తొక్కి చెప్పగలడు. అతని కష్టం వేరే. త్రీఫేజు కరెంటు రాత్రి వేళల్లో వచ్చిన రోజుల్లో, మోటరు వేయడానికి చీకట్లో పొలానికి పోయి పాము కాటుకో, స్టార్టరు డబ్బా దగ్గర షాకుకో పోయిన రైతులెందరో. దానికి రైతులే జవాబు వెతుక్కున్నారు. కరెంటు రాగానే తనంతట తానే మోటరు వేసే ఆటో స్టార్టరు. ప్రాణాలు కాపాడిన పరికరమది, కాదనలేం. కానీ దాని రెండో ముఖం చూడండి. కరెంటు వచ్చిన మరుక్షణం ఒక ట్రాన్స్‌ఫార్మర్ కిందున్న మోటర్లన్నీ ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు మోటరు మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. వోల్టేజీ పడిపోతుంది, మోటర్లు కాలతాయి, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. పైగా రైతు నిద్రపోతున్నా బోరు నీళ్ళు తోడుతూనే ఉంటుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసేయండని రైతుల వెంటపడాల్సి వచ్చింది. ఒక్కొక్కరి సమస్యను తీర్చిన పరికరం అందరి సమస్య అయి కూర్చుంది.

ఇదీ మీ జట్లకు తగిన లెక్క. ఒక్కో స్టార్టరు కొద్ది నిమిషాల తేడాతో లేచేట్టు ఆలస్యం పెట్టడం ఎలక్ట్రానిక్స్‌లో పిల్లాట. రెండో సంవత్సరం కుర్రాడు చేయగలడు. కానీ నేనొక్కణ్ణే నా మోటరుకు ఆలస్యం పెట్టుకుంటే నాకేం లాభం? ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులందరూ ఒప్పుకుంటేనే అది పనిచేస్తుంది. అంటే పనిలో సగం సర్క్యూట్, సగం రచ్చబండ. రచ్చబండకు మార్కులు లేవు కాబట్టి జట్లు సర్క్యూట్ దగ్గరే ఆగిపోతున్నాయి.

రచ్చబండ సాధ్యం కాదనుకోకండి. 2000ల దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతుల యాజమాన్యంలో భూగర్భజలాల పథకం నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దాని వెనక ఉంది. ఆరు వందలకు పైగా ఊళ్ళలో రైతులే వాన కొలిచారు, రైతులే బోరుబావుల్లో నీటిమట్టం కొలిచారు. పంటకాలానికి ముందు ఊరంతా కూర్చుని ఈసారి భూమిలో ఎన్ని నీళ్ళున్నాయి, అందరూ వరి వేస్తే ఎంత కావాలి అని గోడ మీద లెక్కకట్టారు. ఎవరూ ఎవరినీ నిషేధించలేదు. లెక్క కళ్ళముందు కనిపించాక చాలామంది తమంతట తామే పంట మార్చుకున్నారు. అక్కడి సాంకేతికత ఏమిటి? వానకొలత డబ్బా, నీటిమట్టం కొలిచే టేపు, ఒక గోడ. ఇందులో ఏ ఒక్కదానికీ హ్యాకథాన్‌లో బహుమతి రాదు.

ప్రశ్నే మారిపోయిన ఇంకో ఊరు చెబుతాను. 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అమూల్య కుమార్ ఎన్. రెడ్డి గారు గ్రామాలకు పనికొచ్చే సాంకేతికత కోసం ఆస్ట్రా అనే విభాగం పెట్టారు. ఆయన ఎలక్ట్రోకెమిస్ట్రీలో పేరున్న శాస్త్రవేత్త. అంత ప్రయోగశాల వదిలి పొయ్యిలూ పేడా పట్టుకున్నాడేమిటని అప్పట్లో ముక్కున వేలేసుకున్నవాళ్ళున్నారు. తుమకూరు జిల్లాలోని పుర అనే చిన్న ఊళ్ళో ఆస్ట్రా వాళ్ళు వంట కోసం సామూహిక గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టారు. ఊరి పశువుల పేడంతా పోసినా అందరి వంటకూ గ్యాసు చాలలేదు. మామూలుగా అయితే అక్కడితో నివేదిక రాసి, రైతులు సహకరించలేదని ముక్తాయించి వచ్చేసేవారు. వీళ్ళు ఊరివాళ్ళనే అడిగారు. వాళ్ళు కోరింది నీళ్ళు. 1987 నుంచి అదే గ్యాసును డీజిలు ఇంజనుకు తోడిచ్చి కరెంటు పుట్టించి, బోరు నీళ్ళు కుళాయిలకు ఎక్కించారు, ఇళ్ళల్లో దీపాలు పెట్టారు. పేడ తెచ్చిన ఇంటికి కిలోకింత అని డబ్బు ఇచ్చారు, పులిసిన పేడను ఎరువుగా తిరిగిచ్చారు. నడిపింది ఊరి యువకులే. నీళ్ళు ఆగితే ఊరు ఊరుకోదు కదా! వంట గ్యాసుకు దొరకని సహకారం కుళాయికి దొరికింది.

ఆస్ట్రా నడిపింది అధ్యాపకులు కాబట్టి ఏళ్ళ తరబడి ఊరిని అంటిపెట్టుకోగలిగారు. విద్యార్థులకు ఉన్నది ఒక సెమిస్టరు. ఏప్రిల్‌లో పరీక్షలు, మేలో సెలవులు, జూన్‌లో ఉద్యోగం. ఊరి సమస్య జూన్‌లోనే మొదలవుతుంది. దీనికి విరుగుడును అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం కనిపెట్టింది. 1995లో ఎడ్వర్డ్ కోయల్, లియా జేమీసన్ అనే ఇద్దరు ఆచార్యులు అక్కడ ఎపిక్స్ అనే పద్ధతి మొదలుపెట్టారు. అందులో ఒక జట్టు అంటే ఒక బ్యాచ్ కాదు. మొదటి సంవత్సరం పిల్లల నుంచి ఆఖరి సంవత్సరం వాళ్ళదాకా ఒకే జట్టులో ఉంటారు. పెద్దవాళ్ళు వెళ్ళిపోతుంటారు, చిన్నవాళ్ళు చేరుతుంటారు, జట్టు మాత్రం అదే సంస్థకు ఏళ్ళపాటు కట్టుబడి ఉంటుంది. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు పూర్తిచేస్తారు, మూడోవాళ్ళు బాగుచేస్తారు. మన కాలేజీలు కొన్ని ఈ పద్ధతిని తెచ్చుకున్నాయి. తెచ్చుకున్నవాటిలో కొన్ని పేరు ఉంచుకుని, ఏళ్ళపాటు కట్టుబడి ఉండడాన్ని వదిలేశాయి. అది లేకపోతే మిగిలేది పాత ప్రాజెక్టు పనే.

చింతకింది మల్లేశం గారి పేరు ఎత్తకుండా ఈ విషయం మీద తెలుగులో మాట్లాడకూడదు. ఆలేరు చేనేత కుటుంబం, బడి చదువు మధ్యలోనే ఆగింది. పోచంపల్లి పట్టుచీరకు ఆసు పోయాలంటే కొయ్యల మధ్య దారాన్ని చేత్తో వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి, ఒక చీరకు సుమారు తొమ్మిది వేలసార్లని లెక్క. తల్లి లక్ష్మి గారికి భుజం పడిపోతుంటే చూడలేక 1992లో యంత్రం చేయడం మొదలుపెట్టి 1999లో ముగించారు. లక్ష్మీ ఆసు యంత్రం అని అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఏడేళ్ళు! ఏ కాలేజీ ఇస్తుంది ఏడేళ్ళ గడువు? ఆయనకు గడువు ఇచ్చింది ఇంట్లో రోజూ కనిపిస్తున్న నొప్పి. మన విద్యార్థికి ఆ నొప్పి ఉండదు, ఉండాలని కోరడం అన్యాయం. కానీ అలాంటి మనిషి ఊరూరా ఉన్నాడు. అతనికి లేనివి లేతు మిషను, కొలతలు, మోటరు లెక్కలు, పేటెంటు కాగితాలు. ఇవన్నీ మన కాలేజీలో దుమ్ముపట్టి ఉన్నాయి. బ్రిగేడియర్ గణేశం గారి పల్లెసృజన సంస్థ ఏళ్ళుగా శోధయాత్రల పేరిట పల్లెల్లో నడుస్తూ ఇలాంటివాళ్ళను వెతికి పట్టుకుంటోంది. ఆ యాత్రల్లో విద్యార్థులు నడుస్తున్నారు కూడా. సమస్యను తామే కనిపెట్టి తామే తీర్చాలన్న పట్టుదల మన జట్లు కాస్త తగ్గించుకుని, సగం తీర్చి ఆగిపోయిన ఒక మనిషికి జట్టుగా చేరితే బాగుంటుంది. అక్కడ నాయకత్వం ఊరిది, పనితనం మీది. ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలకు ఇది మింగుడుపడదని తెలుసు.

సారు పేరున విగ్రహం పెట్టాలని, హాలు కట్టాలని మాట వినిపిస్తోంది. అవి కట్టేవాళ్ళు కట్టనీయండి. యాజమాన్యాన్ని, అధ్యాపకులను నేను అడిగేది వేరు. వచ్చే విద్యాసంవత్సరం మొదటి జట్టుకు కొత్త ప్రాజెక్టు ఇవ్వకండి. గడిచిన సంవత్సరాల్లో మన పిల్లలు ఊళ్ళల్లో పెట్టి వచ్చిన ఫిల్టర్లు, సోలార్ పంపులు, డ్రయ్యర్ల జాబితా తీయండి. ఆ మొదటి జట్టును అక్కడికి పంపండి. ఏది నడుస్తోందో, ఏది అటకెక్కిందో, ఎందుకో రాసుకురమ్మనండి. ఆగిపోయినవాటిలో ఒక్కటి బాగుచేసి, ఊళ్ళో ఒకరికి ఆ పని నేర్పి వస్తే పూర్తి మార్కులు వేయండి. దానికి విశ్వవిద్యాలయం అనుమతి కావాలంటే, నా సంతకంతో ఉత్తరం ఈరోజే రాసి ఇస్తాను.